గండికోటలో రాత్రి ఉండాలా, పగలు చూసి వచ్చేయాలా?

కర్నూలు కోడలు
సంక్రాంతి సెలవుల్లో కర్నూలు నుంచి గండికోట పోదామనుకుంటున్నాం. ఇద్దరు చిన్న పిల్లలు, మా అమ్మ, మేమిద్దరం, సొంత కారు. ఇంట్లో ఇప్పుడు రెండు పార్టీలు. మా ఆయన లోయ పక్కన టెంటు వేసుకుని పడుకుని సూర్యోదయం చూడాల్సిందే అంటాడు, మా అమ్మేమో పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలంటుంది. పోయొచ్చినవాళ్ళు చెప్పండి. రీల్స్ చూసి చెప్పేవాళ్ళు వద్దు, ఆ పని మా ఆయన చేస్తూనే ఉన్నాడు.

జమ్మలమడుగు మనిషి
అక్కా, రాత్రి ఉండండి, కానీ పిల్లలతో టెంటు వద్దే వద్దు. వ్యూపాయింట్ అంటే కట్టిన మెట్లూ గట్టూ ఉంటాయనుకుంటారు చాలామంది. అక్కడున్నవి ఎర్రటి పెద్ద పెద్ద బండలు, ఒకదాని మీద ఒకటి, మధ్యలో కాలు ఇరుక్కునేంత సందులు. ఆఖరి బండ తర్వాత ఏమీ లేదు, కింద పెన్న. లోతు మూడు వందల అడుగులంటారు. పగటి పూటే పెద్దవాళ్ళు చేతులు ఆనించుకుని కూర్చుని జరుగుతుంటారు. చీకట్లో నీళ్ళకో బాత్రూముకో పిల్లోడు లేచి బయటికొస్తే? టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది, ముందే బుక్ చేసుకోండి, శని ఆదివారాల్లో బెంగళూరు బండ్లే ఎక్కువ, రూము దొరకదు. దొరక్కపోతే కిందికి జమ్మలమడుగు వచ్చేయండి, పదిహేను కిలోమీటర్లే.

అనంత బుల్లెట్
అన్నా, మరీ భయపెట్టేస్తున్నావు. టెంటు తీసుకెళ్ళి ఎవరూ బండ చివర వేయరు, వెనక చదును నేల చాలా ఉంది, అద్దెకిచ్చేవాళ్ళు కూడా అక్కడే వేస్తారు. జనవరిలో చలి, ఆకాశం నిండా చుక్కలు, తెల్లారి లేచి నాలుగడుగులేస్తే లోయ. పగలు పోయి పగలు వచ్చేస్తే మధ్యాహ్నం ఎండలో తెల్లగా పాలిపోయిన రాయి చూసి వస్తారు, అంతే. ఆ ఎరుపు ఎక్కేది ఏటవాలు వెలుతురులోనే, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు.

జమ్మలమడుగు మనిషి
చుక్కలు సరే తమ్ముడూ, పక్క టెంటులో స్పీకరు పెట్టి రాత్రి రెండింటిదాకా తాగేవాళ్ళ సంగతి కూడా రాయి. పొద్దున ఆ సీసాలు ఏరేది మా ఊరివాళ్ళే. తేళ్ళ మాట నేను ఎత్తలేదు, అక్క ఇంకా భయపడుతుందని.

ప్రొద్దుటూరు పంతులు
మీ ఇద్దరి గొడవలో కోట సంగతే మరిచిపోయారు. లోయ చూడటానికి అరగంట చాలు, ఆ తర్వాత అందరూ చేసేది సెల్ఫీలే. కోటకు మాత్రం సగం రోజు పడుతుంది. మాధవరాయస్వామి గుడి గోపురం చూడండి, లోపల గర్భగుడిలో విగ్రహం లేదు కాబట్టి జనం తొంగిచూసి వెళ్ళిపోతారు, మండపం స్తంభాల దగ్గర ఎవరూ ఆగరు. జుమ్మా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, ఎంత ఎండలోనైనా లోపల చల్లగా ఉంటుంది, మీ అమ్మగారు కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది, గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. పిల్లలకు ఇవన్నీ కథలుగా చెప్పొచ్చు. నా ఓటు పగటికే.

అనంత బుల్లెట్
సార్, కోటకే సగం రోజు పోతే, పొద్దునా సాయంత్రం వెలుతురులో లోయ కూడా చూడాలంటే మీ లెక్క ప్రకారమే రాత్రి ఉండాలి కదా?

ప్రొద్దుటూరు పంతులు
ప్రొద్దుటూరులో ఉండొచ్చు నాయనా. పొద్దున కారం దోసె కూడా దొరుకుతుంది.

పెన్న గట్టు
ఎవరూ నీళ్ళ మాట ఎత్తలేదు. లోయకు పైన గండికోట జలాశయం, 26.85 టీఎంసీలది, కింద మైలవరం డ్యాం. పైనుంచి ఎంత వదిలారు, కింద ఎంత నిలబెట్టారు అనేదాన్ని బట్టి లోయలో నీళ్ళు. ఫొటోల్లో చూసిన పచ్చటి నీళ్ళు ఎప్పుడూ అలాగే ఉంటాయనుకుని ఏప్రిల్, మేలో వచ్చి తిట్టుకునేవాళ్ళను చూశాను, అప్పుడు ఎండ నలభై దాటి ఉంటుంది, బండ మీద చెయ్యి పెట్టలేరు. జనవరి మంచిదే. ఇంకొకటి, నీళ్ళు నిండితే అందంగా ఉందంటారు గానీ పైన జలాశయం నింపేటప్పుడు 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ చేయించారు, అది కూడా తెలుసుకుని చూడండి.

కర్నూలు కోడలు
అందరికీ థాంక్స్. ఒక సందేహం, అంచున రెయిలింగ్ ఏమీ లేదా? ఇంతమంది వచ్చేచోట?

జమ్మలమడుగు మనిషి
నేను చూసినప్పుడు బండల దగ్గర లేదు. పెట్టాలనే నేను అంటాను. 2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి దాదాపు 78 కోట్లు ఇస్తామంది, అందులో ముందు ఈ పని చేయాలి.

అనంత బుల్లెట్
ఇనుప కడ్డీలు పాతితే ఇంక చూసేదేముంది, పార్కు అయిపోతుంది. హెచ్చరిక బోర్డులు, ఇద్దరు గార్డులు చాలు.

జమ్మలమడుగు మనిషి
బోర్డు చదివి ఆగేవాడు అసలు అంచుదాకా పోడు. కడ్డీలు కోటంతా వద్దు, జనం ఎగబడే ఆ కాస్త మేర పెడితే చాలు.

పెన్న గట్టు
దీనికి తెగే దారి లేదు గానీ, అక్కా, మీరు కర్నూలు నుంచి బనగానపల్లె, కొలిమిగుండ్ల మీదుగా వస్తే బెలూం గుహలు దారిలోనే. పొద్దున బయలుదేరి గుహలు చూసి, మూడున్నరకల్లా గండికోట చేరండి, సాయంత్రం లోయ, మర్నాడు పొద్దున కోట. తిరుగుదారిలో బెలూం పెట్టుకుంటే అందరూ అలసిపోయి ఉంటారు. గుహల్లో ఉక్కపోత ఎక్కువ, మెట్లున్నాయి, గుహల్లో అట్టడుగున ఉండే పాతాళగంగ దాకా అమ్మగారిని దింపకండి.

కర్నూలు కోడలు
రూము దొరికింది, ఆదివారం వదిలేసి సోమవారం రాత్రికి. మా ఆయన టెంటు ఇంకా డిక్కీలోనే పెట్టుకుంటానంటున్నాడు, పెట్టుకోనీ. అమ్మ మాత్రం ధాన్యాగారంలో కూర్చుంటాను, లోయ దగ్గరికి రానని ఇప్పుడే చెప్పేసింది.