అమెరికా కాథలిక్ చరిత్ర ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

ఫిలీ_కుర్రోడు: మా విచారణలో (అదే, మా చర్చి పారిష్‌లో) యూత్‌కి అమెరికా కాథలిక్ చరిత్ర క్లాసు నా నెత్తిన పెట్టారు. 1634లో ఇంగ్లీషు కాథలిక్కులు వచ్చి దిగిన మేరీలాండ్ నుంచి మొదలెడదామనుకుంటున్నా, ఏమంటారు?

బందరు_బాబాయ్: 1634 ఏంటి బాబూ, 1565లోనే ఫ్లోరిడా సెయింట్ అగస్టీన్‌లో స్పెయిన్ వాళ్ళు దిగి పూజ (మాస్) చేసుకుంటే అది లెక్కలోకి రాదా? ఇంగ్లీషోడు వస్తేనే చరిత్రా?

స్టెల్లా_ఒహాయో: ఫ్లోరిడా అప్పుడు అమెరికా కాదుగా బాబాయ్. ఇక్కడి చర్చి మేరీలాండ్‌లోంచే పెరిగింది, 1789లో మొదటి బిషప్ జాన్ కారల్‌ని వేసింది కూడా బాల్టిమోర్‌కే.

బందరు_బాబాయ్: మేరీలాండ్ మాత్రం అమెరికానా, అదీ కాలనీయేగా! మత స్వేచ్ఛ అంటూ 1649 చట్టం చూపిస్తారు, త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని కాదంటే మరణశిక్ష అని అందులోనే ఉంది. 1704 వచ్చేసరికి కాథలిక్కులు బహిరంగంగా పూజ చేయకూడదన్నదీ ఆ మేరీలాండే. 1838లో జెస్యూట్లు, అంటే కాలేజీలు నడిపే కాథలిక్ గురువుల సభవాళ్ళు, తమ జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులు తీర్చడానికి 272 మంది బానిసల్ని లూసియానాకి అమ్మిందీ అక్కడి తోటల నుంచే. ఇవి చెప్తారా పిల్లలకి?

కోటి77: పాప్‌కార్న్ తెచ్చుకుంటా

స్టెల్లా_ఒహాయో: వద్దని ఎవరన్నారు? 1844లో ఫిలడెల్ఫియాలో, స్కూల్లో ప్రొటెస్టెంట్ల బైబిలా, కాథలిక్కుల బైబిలా చదవాలన్న గొడవ ముదిరి ఐరిష్ కాథలిక్కుల చర్చిలు తగలబెట్టారు, అదీ చెప్పాలి. అంత పడ్డా వాళ్ళు విడిపోలేదు, స్కూళ్ళు కట్టుకుని నిలబడ్డారు.

బందరు_బాబాయ్: ఆ ఐరిష్ వాళ్ళే బిషప్పులయ్యాక పోలండ్ వాళ్ళని నోరెత్తనిచ్చారా? చర్చి కట్టిన డబ్బు మాది, పెత్తనం మీదా అని 1897లో స్క్రాంటన్‌లో విడిపోయి సొంత చర్చి పెట్టుకున్నారు. మేమూ అంతే, ఫెస్టివల్‌కి బిర్యానీ వండాలంటే తెలుగోళ్ళు కావాలి, నెలకో తెలుగు పూజ ఇమ్మంటే "అందరూ కలిసిపోవాలి" అంటారు, అందులోనూ విచారణ కౌన్సిల్‌లో అడ్డం పడింది మన తెలుగావిడే!

స్టెల్లా_ఒహాయో: ఓహో, అసలు మంట ఇదా. ఆవిడెవరో గానీ నేనైనా అదే అంటాను. మా పిల్లలకి తెలుగు పూజ సగం అర్థం కాదు, విడిగా కూర్చోబెడితే చర్చికే రావడం మానేస్తారు.

బందరు_బాబాయ్: జర్మన్లకీ ఇటాలియన్లకీ సొంత విచారణలు ఉండబట్టే నిలబడ్డారమ్మా.

స్టెల్లా_ఒహాయో: ఆ విచారణలే ఇప్పుడు ఒక్కొక్కటీ మూసేస్తున్నారు.

బందరు_బాబాయ్: పిల్లలు శివార్లకి ఇళ్ళు మార్చారు కాబట్టి. భాష చేసిన పాపమా అది?

స్టెల్లా_ఒహాయో: సరే, మా పిల్లలకి తెలుగు ఎవరు నేర్పుతారు, మీరా?

బందరు_బాబాయ్: నేర్పుతా. శనివారం పూట హాలు ఇప్పించండి ముందు.