హ్యామ్‌స్టర్ ఇష్టమైన గింజలనే ఏరుకుని తింటోంది: సరైన ఆహారం ఎలా అలవాటు చేయాలి?

ప్రశ్న: గింజలమూట

అందరికీ నమస్కారం. మా ఇంట్లో దాదాపు ఏడాది వయసున్న సిరియన్ జాతి హ్యామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) ఉంది. ధాన్యాలు, గింజలు, ఎండబెట్టిన కూరగాయ ముక్కలు, పెల్లెట్లు (పొడి దాణా గుళికలు) కలిపిన మిశ్రమాన్ని దానికి రోజూ సాయంత్రం గిన్నెలో పెడుతున్నాను. గిన్నె పెట్టీ పెట్టగానే అది పొద్దుతిరుగుడు గింజలన్నింటినీ ఏరి బుగ్గల్లో కుక్కుకుంటుంది, ఆ తర్వాత వేరుశనగ పలుకుల కోసం వెదుకుతుంది, పెల్లెట్లను మాత్రం మూతితో పక్కకు నెట్టేస్తుంది. మరునాడు చూస్తే గిన్నెలో మిగిలేవి పెల్లెట్లు, బార్లీ మాత్రమే. ఈ మధ్య దాని పొట్ట కాస్త గుండ్రంగా కనిపిస్తోంది గాని, చురుకుదనంలో తేడా ఏమీ లేదు.

మిశ్రమం పూర్తిగా మానేసి పెల్లెట్లే పెట్టమని కొందరు, ఒకే రకం తిండి పెడితే దానికి విసుగు పుడుతుందని మరికొందరు చెబుతున్నారు. తాజా కూరగాయలు, పండ్లు ఎంత పెట్టవచ్చు? ఉడికించిన గుడ్డు లాంటివి అవసరమా? ఏది పెట్టాలో చెప్పడంతో పాటు ఎందుకు పెట్టాలో కూడా వివరిస్తే, ఇకపై నా అంతట నేను నిర్ణయించుకోగలుగుతాను.

సమాధానం: బుగ్గసంచి

మీ హ్యామ్‌స్టర్ చేస్తున్న పనిలో వింతేమీ లేదండి. ఎదుట రకరకాల తిండి ఉన్నప్పుడు కొవ్వు ఎక్కువగా ఉన్నదాన్ని ముందు ఎంచుకోవడం దాని స్వభావం. తిండి ఎప్పుడు దొరుకుతుందో తెలియని మెట్ట నేలల్లో బతికిన జంతువుకు ఆ స్వభావం మేలే చేసింది. రోజూ గిన్నె నిండే ఇంట్లో మాత్రం అదే హాని చేస్తుంది. పొట్టు తీసిన పొద్దుతిరుగుడు పప్పు బరువులో దాదాపు సగం కొవ్వే. పైగా అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ప్యాకెట్ మీద రాసిన పోషకాల లెక్క మిశ్రమం మొత్తానికి వర్తిస్తుంది గాని, అందులోంచి రెండు రకాలే ఏరుకుని తినే జంతువుకు వర్తించదు. కాబట్టి మనం గిన్నెలో ఏం పోశామన్నది కాక, దాని కడుపులోకి ఏం వెళ్లిందన్నదే చూసుకోవాలి.

నా అభిప్రాయంలో రోజువారీ ఆహారంలో సగానికి పైగా మంచి పెల్లెట్లు ఉండాలి. పెల్లెట్‌లో అన్నీ కలిపి అచ్చు వేస్తారు కనుక ఏరుకోవడానికి వీలుండదు. కొనేటప్పుడు మాంసకృత్తులు 16 నుంచి 20 శాతం, కొవ్వు 4 నుంచి 7 శాతం మధ్య ఉన్నవి చూసుకోండి. బెల్లపు పాకం, తేనె, రంగులు కలిపినవి వద్దు. కుందేళ్ల పెల్లెట్లు ఎండుగడ్డి ఆధారంగా తయారవుతాయి, వాటిలో హ్యామ్‌స్టర్‌కు సరిపడా మాంసకృత్తులు ఉండవు కనుక అవి ప్రత్యామ్నాయం కావు.

ఇక పరిమాణం విషయం. ఎదిగిన సిరియన్‌కు రోజుకు సుమారు 10 నుంచి 12 గ్రాముల పొడి ఆహారం, అంటే దాదాపు ఒక పెద్ద చెంచాడు, సరిపోతుంది. నిన్నటి పెల్లెట్లు మిగిలి ఉండగా కొత్త మిశ్రమం పోస్తే, వదిలేసినా మళ్లీ మంచివి వస్తాయన్న సంగతి అది త్వరగానే గ్రహిస్తుంది. మిగిలినవి తిన్నాకే కొత్తది పెట్టండి. అయితే ఖాళీ గిన్నె కనిపించగానే తిన్నదని అనుకోకండి, అది దాచుకునే మూలను కూడా ఒకసారి చూడండి. ఈ మార్పును రెండు వారాలకు తగ్గకుండా, పెల్లెట్ల వాటా కొద్దికొద్దిగా పెంచుతూ చేయాలి. మొండికేసింది కదా అని ఆకలితో మాడ్చడం మాత్రం ప్రమాదకరం. ఇంత చిన్న జంతువు ఒక రోజంతా ఏమీ తినకుండా ఉంటే దాన్ని పశువైద్యుడికి చూపించాల్సిందే.

సమాధానం: రాత్రిసంచారి

పై సమాధానంలోని అంకెలతో నాకు పేచీ లేదు. పెల్లెట్లకు ఇచ్చిన ప్రాధాన్యంతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. హ్యామ్‌స్టర్ గింజలు తినే జంతువు మాత్రమే కాదు, సర్వభక్షి. అడవిలో అది ధాన్యం, గడ్డి గింజలు, లేత ఆకులు, పురుగులు అన్నీ తింటుంది, పైగా వాటిని వెదుక్కుంటూ రాత్రి చాలా దూరం తిరుగుతుంది. గిన్నెలో అన్నీ ఒకేచోట పెట్టడం వల్ల ఆ వెదుకులాట పోయి, ఏరుకోవడం ఒక్కటే మిగిలింది. అందుకే మిశ్రమాన్ని గిన్నెలో కాక బెడ్డింగ్ (గూటి అడుగున పరిచే మెత్తటి పదార్థం) మీద అంతటా చల్లాలని నేను గట్టిగా చెబుతాను. చల్లినప్పుడు అది ఎదురైన ప్రతి గింజనూ వాసన చూస్తుంది, కొన్నింటిని అక్కడే తింటుంది, మిగతావి బుగ్గల్లో వేసుకుంటుంది. గిన్నెలో ముట్టని బార్లీని కూడా ఇలా వెదికి తీసుకుంటుంది.

కొర్ర వెన్ను ఒకటి నిలువుగా గుచ్చి చూడండి. వెనుక కాళ్ల మీద నిలబడి, ముందరి పాదాలతో వెన్నును వంచి పట్టుకుని, ఒక్కొక్క గింజనూ పళ్లతో తెంపి, పొట్టు రాల్చుకుంటూ తింటుంది. పొట్టు తీసే ఆ పని దాని పళ్లకూ తలకూ రెండింటికీ మంచిదే. పొద్దుతిరుగుడు గింజల స్థానంలో కొర్రలు, ఓట్లు, గోధుమలు, కొద్దిగా అవిసె, నువ్వులు కలపండి. గింజ చిన్నదైన కొద్దీ ఒకేసారి మితిమీరిన కొవ్వు లోపలికి పోయే అవకాశం తగ్గుతుంది. పొద్దుతిరుగుడు గింజను మాత్రం చేతితో ఇచ్చే బహుమతిగా, రోజుకు ఒకటో రెండో ఉంచుకోండి.

రకరకాల ఆహారం అన్న మాటకు లోతైన అర్థం ఉంది. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో, పొలాలన్నీ మొక్కజొన్నతో నిండిపోయిన చోట, అడవి యూరోపియన్ హ్యామ్‌స్టర్ల సంఖ్య ఎందుకు పడిపోతోందో తెలుసుకోవడానికి చేసిన పరిశోధన ఒకటి 2017లో వెలువడింది. మొక్కజొన్నే ప్రధాన ఆహారంగా పెరిగిన ఆడ హ్యామ్‌స్టర్లు తాము కన్న పిల్లలనే తినేశాయి. మొక్కజొన్నతో పాటు వానపాములో ఆకులో పెట్టినా ఫలితం మారలేదు. విటమిన్ బి3 జోడించాక మాత్రం అవి పిల్లలను మామూలుగానే పెంచుకున్నాయి. మొక్కజొన్నలోని ఆ విటమిన్ శరీరం గ్రహించలేని రూపంలో ఉంటుంది. మన ఇళ్లలో ఉండే జాతి వేరే అయినా, ఆహారంలో రకాల సంఖ్య పెంచినంత మాత్రాన లోటు తీరదని దీన్నిబట్టి తెలుస్తుంది. చవక మిశ్రమాల్లో మొక్కజొన్నే ఎక్కువగా నింపుతారు కనుక, ప్యాకెట్ మీద మొట్టమొదట ఏ పదార్థం రాశారో తప్పక చదవండి.

జంతు మాంసకృత్తుల గురించి అడిగారు. అవి అవసరమే. ఉప్పు, నూనె, మసాలా ఏమీ లేకుండా ఉడికించిన గుడ్డు లేదా కోడిమాంసం బఠాణీ గింజంత ముక్క వారానికి ఒకటి రెండు సార్లు ఇవ్వవచ్చు. ఎండబెట్టిన మీల్‌వార్మ్‌లు (ఒక రకం పురుగు లార్వాలు) కూడా మంచివే గాని, వాటిలో కొవ్వు ఎక్కువ కనుక ఒకటి రెండుకు మించకూడదు. పిల్లల్ని కన్న తల్లికి, ఎదిగే పిల్లలకు మాత్రం వీటిని ధారాళంగా పెంచాలి.

సమాధానం: పచ్చనాకు

తాజా ఆహారం గురించి ఎవరూ ఇంకా వివరంగా చెప్పలేదు కనుక ఆ భాగం నేను రాస్తాను. కూరగాయలు హ్యామ్‌స్టర్‌కు ప్రధాన ఆహారం కావు. గినీ పిగ్‌కు విటమిన్ సి ఆహారం ద్వారానే అందాలి, కాని హ్యామ్‌స్టర్ దాన్ని తన శరీరంలోనే తయారుచేసుకుంటుంది. కాబట్టి నీటి శాతం, పీచు, రుచుల్లో మార్పు కోసం కూరగాయలు ఇస్తున్నామని గుర్తుంచుకుంటే పరిమాణం అదుపులో ఉంటుంది. సిరియన్‌కు బొటనవేలి గోరంత ముక్క ఒకపూటకు చాలు. కీరదోస, బ్రకోలీ, గుమ్మడికాయ, బెల్ పెప్పర్, లేత డాండిలైన్ (పసుపు పూలు పూసే ఒక కలుపు మొక్క) ఆకు మంచివి. క్యారెట్‌లో చక్కెర ఎక్కువ కనుక అప్పుడప్పుడే ఇవ్వాలి. పాలకూరలో ఆక్సలేట్లు (మూత్రంలో రాళ్లకు కారణం కాగల పదార్థాలు) ఎక్కువ కనుక అది రోజువారీ ఆకు కాకూడదు. పండ్లయితే గింజలు తీసేసిన ఆపిల్ ముక్కో, ఒక బ్లూబెర్రీయో వారానికి ఒకసారి సరిపోతాయి.

కొత్త కూరగాయను ఒకసారి ఒక్కటే పెట్టి, రెండు మూడు రోజులు రెట్టలు గట్టిగానే ఉన్నాయో లేదో చూడండి. మెత్తబడితే తాజా ఆహారం పూర్తిగా ఆపేయండి. తోక చుట్టూ తడిగా, దుర్వాసనతో, జంతువు ముడుచుకుని కదలకుండా కనిపిస్తే అది ఆహారపు తేడా కాకపోవచ్చు. వెట్ టెయిల్ అనే పేగుల జబ్బు, ముఖ్యంగా పాలు మరిచిన కొత్తలో ఉన్న సిరియన్ పిల్లల్లో, రెండు రోజుల్లోపే ప్రాణం తీయగలదు. అలాంటప్పుడు ఇంటి చిట్కాలతో సమయం పోగొట్టకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.

ఇవ్వకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, కాఫీ, టీ, మద్యం, అవకాడో, పచ్చి బంగాళాదుంప, టమాటా మొక్క ఆకులు, పచ్చి రాజ్మా, ఆపిల్ గింజలు, చేదు బాదం. నిమ్మ, నారింజ జాతి పండ్లు పులుపు వల్ల పడవు. వీటికి తోడు ఎక్కువమంది పట్టించుకోని వర్గం ఒకటుంది, అవి జిగట పదార్థాలు. వేరుశనగ వెన్న, కారమెల్, తేనెతో అతికించిన కర్రలు బుగ్గ సంచి గోడకు అంటుకుపోయి పుండు పడేలా చేస్తాయి. ఆ సంచులు భుజాల దాకా సాగి ఉంటాయి కనుక లోపల ఇరుక్కున్నది మనకు పైకి కనిపించదు. జంతువుల కోసమని ప్రత్యేకంగా అమ్మే పెరుగు బిళ్లలు కూడా చక్కెర ముద్దలే, వాటి జోలికి పోకండి.

ప్రశ్న అడిగినవారు: గింజలమూట

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ సలహాలు చదివాక రెండు సందేహాలు మిగిలాయి. అది దాచుకున్న నిల్వను ఎంతవరకు తీసేయవచ్చు? మా అక్కయ్య ఇంట్లో క్యాంప్‌బెల్ జాతి డ్వార్ఫ్ (పొట్టి రకం) హ్యామ్‌స్టర్ ఉంది. పరిమాణం తగ్గించి దానికీ ఇదే ఆహారం పెట్టవచ్చా?

సమాధానం: చిన్నిపాదం

నా దగ్గర ఉన్నవన్నీ డ్వార్ఫ్ జాతులే కనుక రెండో సందేహానికి ముందు జవాబు చెబుతాను. పరిమాణం తగ్గిస్తే సరిపోదు. క్యాంప్‌బెల్ జాతికి, దాని సంకరాలకు, చైనీస్ హ్యామ్‌స్టర్లకు మధుమేహం వచ్చే గుణం ఎక్కువ. వాటికి పండ్లు, ఎండుపండ్లు, తేనె పూసిన తినుబండారాలు అసలు పెట్టకపోవడమే క్షేమం. క్యారెట్, మొక్కజొన్న కూడా మానేసి కీరదోస, బ్రకోలీ లాంటివి వేలిగోరులో సగమంత ఇవ్వమనండి. పొడి ఆహారం రోజుకు ఒకటి రెండు చిన్న చెంచాలు చాలు. అది మామూలుకంటే ఎక్కువ నీళ్లు తాగుతున్నా, బెడ్డింగ్ త్వరగా తడిసిపోతున్నా, తింటూనే చిక్కిపోతున్నా మూత్రంలో చక్కెర పరీక్ష చేయించమని మీ అక్కయ్యగారికి చెప్పండి.

నిల్వ విషయానికి వస్తే, దాన్ని మొత్తం ఊడ్చేయడం ఆ జంతువు మీద చాలా కఠినంగా ప్రవర్తించడమే అవుతుంది. తన తిండి మాయమైందని అది కలవరపడి, మరింత ఆత్రంగా కూడబెడుతుంది. తాజా కూరగాయలు, గుడ్డు, మాంసం మాత్రం మరునాటి ఉదయానికల్లా వెదికి తీసేయాలి. పొడి గింజల్లో తడిసినవి, బూజు పట్టినవి, మూత్రం వాసన వేసేవి తీసి, మిగతావి ఉన్న చోటే ఉంచండి. గూడు శుభ్రం చేసేటప్పుడు కూడా గుప్పెడు పాత నిల్వను అదే మూలలో తిరిగి పెట్టండి. నిల్వ మరీ పెరిగిపోతే రోజూ పెట్టేది తగ్గించాలని అర్థం.

తన రెట్టలను తానే తినడం చూస్తే కంగారు పడకండి. పెద్దపేగు మొదట్లోని సంచిలో సూక్ష్మజీవులు తయారుచేసే బి విటమిన్లు, విటమిన్ కె దానికి ఆ మార్గంలోనే అందుతాయి. దాన్ని ఆపే ప్రయత్నం చేయకూడదు.

సమాధానం: బుగ్గసంచి

రాత్రిసంచారి గారు చెప్పిన చల్లే పద్ధతిని నేనూ అంగీకరిస్తున్నాను. పెల్లెట్లను గిన్నెలో, చిన్న గింజలను బెడ్డింగ్‌లో పెడితే మా ఇద్దరి సలహాలూ కలిసివస్తాయి.

పొట్ట గుండ్రంగా ఉందని రాశారు కదా, ఆ మాట నాకు గుర్తుండిపోయింది. వంటింటి త్రాసు మీద చిన్న డబ్బా పెట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టి, వారానికి ఒకసారి ఒకే వేళకు బరువు రాసుకోండి. తూచే ముందు బుగ్గలు ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి, నిండు బుగ్గలతో తూస్తే అంకె తప్పు వస్తుంది. ఎదిగిన సిరియన్లు సాధారణంగా 100 నుంచి 150 గ్రాముల మధ్య ఉంటాయి, అంతకు మించి పెద్దవీ ఉంటాయి. కాబట్టి ఒక్క అంకె కన్నా, వారం వారం అది ఎటు పోతోందన్నదే ముఖ్యం. బరువు నెమ్మదిగా పెరుగుతూ పోతే ముందు కొవ్వు గింజలు తగ్గించండి. కారణం లేకుండా పదో వంతు తగ్గితే పళ్లను చూపించండి. ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అవి వంకరపోతే ఆకలి ఉన్నా పెల్లెట్ కొరకలేదు. కొరకడానికి రసాయనాలు చల్లని ఆపిల్ కొమ్మ ఒకటి లోపల ఉంచండి. ఆహారం మార్చే ఈ రెండు వారాల్లో నీళ్ల సీసా కొన దగ్గరి గోళీని రోజూ వేలితో నొక్కి చూడండి. అది ఇరుక్కుపోతే, సీసా నిండుగా ఉన్నా చుక్క రాదు, దాహంతో ఉన్న హ్యామ్‌స్టర్ పొడి పెల్లెట్లను ముట్టదు.