ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ప్రభుత్వాసుపత్రి అక్కరలేదా?

గుణదల సభ్యుడు:
ప్రభుత్వం ఆసుపత్రులు నడపడం మానుకొని, ఆ డబ్బుతో ప్రతి కుటుంబానికీ బీమా కట్టి, రోగిని తనకు నచ్చిన ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళనిస్తే చాలునని నా అభిప్రాయం. నిరుడు మా మామగారు తుంటి విరిగి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేరినప్పుడు, స్ట్రెచర్ తోసే మనిషి లేక నేనూ మా బావమరిదీ ఎక్స్‌రే గది దాకా తోసుకువెళ్ళాము. మా అత్తగారు సెలైన్ సీసాను పైకెత్తి పట్టుకొని పక్కనే నడిచారు. ఆ వయసు మనిషి చేత సీసా మోయించే వ్యవస్థను ఇంకెన్నాళ్ళు సమర్థించాలి?

బ్రాడీపేట సభ్యురాలు:
అన్నగారూ, ఆ పెద్దావిడ పడిన శ్రమను నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే 2007లో ఆరోగ్యశ్రీ మొదలైననాటి నుంచి పథకం పేరు మారింది, పరిమితి పెరిగింది గానీ, ఫలానా చికిత్సకు ఇంత అని ప్యాకేజీ చెల్లించే పద్ధతి మాత్రం మారలేదు. గుండెకు స్టెంట్ వేస్తే ఆసుపత్రికి డబ్బు వస్తుంది. ఆ గుండె అంతదాకా పోకుండా ఇరవై ఏళ్ళపాటు నెలనెలా బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే పనికి ఈ ప్యాకేజీల లెక్కలో చోటు లేదు. ఆ పని చేసేది ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే.

పైగా ప్రభుత్వం చెల్లించవలసిన బకాయిలు పేరుకుపోయినప్పుడల్లా సేవలు ఆపేస్తామని నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే ఈ పథకం కింద వైద్యం చేసే ఆసుపత్రులు, ప్రకటించడం మనం చూస్తూనే ఉన్నాము. వారి బాధా న్యాయమైనదే. కానీ మిరప తోటలో మందు కొడుతూ పడిపోయిన పల్నాడు కూలీని అర్ధరాత్రి ఆటోలో గుంటూరు తెచ్చినప్పుడు, అడ్వాన్సు అడగకుండా చేర్చుకోవలసిన చోటు అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్). అది మూతపడితే ఆ ఆటో ఎటు తిరగాలి?

ప్రైవేటు నైపుణ్యం వద్దని నేను అనడం లేదు. 2016లో ఇదే జీజీహెచ్‌లో గుండె మార్పిడి జరిగింది. బయటి నిపుణుల బృందం ప్రభుత్వంతో చేతులు కలిపి, సర్కారు ఆపరేషన్ థియేటర్‌లోనే చేసింది. నిపుణులు ఇక్కడికి రావచ్చు, ఆస్తి మాత్రం ప్రజలదిగానే ఉండాలి.

గుణదల సభ్యుడు:
బకాయిల సంగతి, కూలీ సంగతి ఒప్పుకుంటాను. మామగారి ఆపరేషన్ చివరికి కార్డు మీద ప్రైవేటులోనే అయినా, తరవాత నాలుగు నెలల ఫిజియోథెరపీకి మళ్ళీ ఆ ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళిన మాటా నిజం. కానీ స్ట్రెచర్ తోసే మనిషి ఎందుకు లేడో మీరు చెప్పలేదు.

బ్రాడీపేట సభ్యురాలు:
జీతానికి డబ్బు కేటాయించలేదు కాబట్టి లేడు. ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. ఆ గడువు దాటినా అక్కడికి చేరలేదు. మీరు అడగవలసింది ఆ మనిషిని నియమించమని, ఆసుపత్రిని వదిలేయమని కాదు.