కస్టడీ వదలకుండా రెసిడెన్షియల్ (అక్కడే ఉంచి చేసే) చికిత్సకు సీఎస్‌ఏ (చిల్డ్రన్స్ సర్వీసెస్ యాక్ట్) డబ్బు వస్తుందా? (వర్జీనియా)

నోవా పేరెంట్: 13 ఏళ్ల అబ్బాయి, తీవ్రమైన డిప్రెషన్, ఐఈపీ (స్కూల్లో ప్రత్యేక విద్య ప్లాన్) ఉంది. రెసిడెన్షియల్ చికిత్స కావాలని డాక్టరు రాశారు. స్కూలేమో అది వైద్యం, మాకు సంబంధం లేదంటోంది. ఇన్సూరెన్సు కొన్ని వారాలకే ఒప్పుకుంది. కౌంటీని అడిగితే కస్టడీ వాళ్లకి రాసివ్వాలని భయపెడుతున్నారు. నిజమేనా?

కేస్ ఫైల్: అక్కర్లేదండి. పేరెంటల్ అగ్రిమెంట్ అనే దారి ఉంది, కస్టడీ తల్లిదండ్రులదే. ఇలా ఒక శాఖ మీద ఇంకో శాఖ తోసేసుకోకూడదనే 1993లో వర్జీనియా ఎనిమిది నిధులను ఒకే పూల్‌లో కలిపింది. అదే సీఎస్‌ఏ. ప్లాన్ రాసేది ఫ్యాప్ట్ అనే బృందం. అందులో స్కూలు, సోషల్ సర్వీసెస్, జువెనైల్ కోర్టు, సీఎస్‌బీ (స్థానిక మానసిక ఆరోగ్య సేవల సంస్థ) మనుషులతో పాటు ఒక పేరెంట్ ప్రతినిధీ ఉంటారు. డబ్బు మంజూరు చేసేది దానిపైనున్న సీపీఎంటీ అనే స్థానిక కమిటీ.

ఏ శాఖా రిఫర్ చేయకపోయినా తల్లిదండ్రులే నేరుగా రిఫర్ చేసుకోవచ్చు. కౌంటీ సీఎస్‌ఏ కోఆర్డినేటర్‌కు ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌తో సరిపెట్టకండి. సమాచారం పంచుకునే అనుమతి పత్రం మీద ముందే సంతకం చేయండి. అది లేకపోతే మీటింగులో ఎవరి ఫైలు వాళ్లు మూసుకునే కూర్చుంటారు.

లెక్కల పద్దు: ఒక హెచ్చరిక. ముందు చేర్పించి తర్వాత బిల్లు పట్టుకెళ్తే అది తల్లిదండ్రుల నెత్తినే పడుతుంది. శాఖ అత్యవసరంగా చేర్పించినా 14 రోజుల్లో ఫ్యాప్ట్ చూడాలి.

ఇంకొకటి. సీఎస్‌ఏ ఖర్చును రాష్ట్రం, కౌంటీ పంచుకుంటాయి. ఇంటి దగ్గర అందే సేవలకు కౌంటీ వాటా మామూలు రేటు కంటే 50% తక్కువ, రెసిడెన్షియల్‌కు 25% ఎక్కువ. అందుకే "ముందు ఇంటి దగ్గర ప్రయత్నించారా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఏ థెరపీ, ఎన్ని నెలలు, ఎందుకు సరిపోలేదు: తేదీలతో ఒక పేజీ రాసుకెళ్లండి. క్యాన్స్ అసెస్‌మెంట్‌లోని (పిల్లల అవసరాలు, బలాలు కొలిచేది) స్కోర్లు ఈ పేజీతో పొసగాలి. రెండూ పొంతన లేకుండా ఉంటే అక్కడే ఆగిపోతుంది.

ఐఈపీలోనే ప్రైవేట్ స్కూల్ ప్లేస్‌మెంట్ రాస్తే ఫ్యాప్ట్ దాన్ని మార్చలేదు, తల్లిదండ్రులు కో-పే (ఖర్చులో తమ వాటా) కట్టక్కర్లేదు. పేరెంటల్ అగ్రిమెంట్ అయితే ఆదాయాన్ని బట్టి కో-పే ఉంటుంది.

నోవా పేరెంట్: చాలా థాంక్సండి. అబ్బాయిది హెచ్-4 (డిపెండెంట్ వీసా). మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) అడగొచ్చా?

కేస్ ఫైల్: అడగాలి కూడా. మెడికెయిడ్ భరించేదానికి సీఎస్‌ఏ డబ్బు వాడకూడదు. చట్టబద్ధంగా ఉంటున్న పిల్లలకు వర్జీనియాలో ఐదేళ్ల నిరీక్షణ లేదు. సైకియాట్రిక్ రెసిడెన్షియల్‌లో 30 రోజులకు మించి ఉంటే అమ్మానాన్నల జీతం లెక్కలోకి తీసుకోరు. అయితే మెడికెయిడ్ వచ్చింది కదా అని ఫ్యాప్ట్‌ను వదిలేయకండి. చికిత్సకు మెడికెయిడ్ ఇస్తుంది, అక్కడి చదువుకు ఇవ్వదు. ఆ ఖర్చు సీఎస్‌ఏ మీదికి రావాలంటే ఫ్యాప్ట్ ప్లాన్‌లో ఉండాలి.