గేమ్‌లో ఎవడో మా బాబుని ఫోటో అడుగుతున్నాడు, ఏం చేయాలి?

గోపాలపట్నం అమ్మ:

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. కస్టమర్లు డిజైన్లు వాట్సాప్‌లో పంపుతారు కాబట్టి పగలంతా ఫోన్ మిషన్ పక్కనే ఉంటుంది. సాయంత్రం ఆరు దాటితే మా బాబు చేతిలో ఉంటుంది. వాడికి పదకొండేళ్లు, ఆరో తరగతి.

నిన్న ఒకావిడకి బోట్ నెక్ డిజైన్ చూపిస్తుంటే పైన మెసేజ్ వచ్చింది. "అమ్మ లేనప్పుడు చెప్పు. షర్టు లేకుండా ఒకటి పంపితే 500 డైమండ్లు ఇస్తా." డైమండ్లంటే గేమ్‌లో వాడుకునే డబ్బులాంటివట. ఆవిడ వెళ్లాక తెరిచి చూశాను. బాబు ఆడే షూటింగ్ గేమ్‌లో పరిచయమట. తనకి పద్నాలుగేళ్లని, మధురవాడలో ఉంటానని చెప్పాడు. మూడు వారాల మాటలున్నాయి. మొదట్లో అన్నీ గేమ్ సంగతులే. తర్వాత ఏ స్కూలు, ఇంట్లో ఎవరెవరుంటారు, నాన్నకి డ్యూటీ ఎప్పుడు అని అడిగాడు. మావాడు పోయిన వారం యూనిఫాంలో ఉన్న ఫోటో పంపేశాడు. జేబు మీద స్కూలు బ్యాడ్జి స్పష్టంగా కనిపిస్తోంది. రెండోది పంపలేదు.

మా వారికి ఈ వారం సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ. పొద్దున్న వచ్చాక చెప్తే ముందు ఫోన్ పగలగొట్టేద్దామన్నారు. అన్నీ డిలీట్ చేసి గేమ్ తీసేస్తే సరిపోతుందా? ఫిర్యాదు ఇస్తే పిల్లాడిని స్టేషన్‌లో కూర్చోబెట్టి అడుగుతారేమోనని నాకు ఒకటే టెన్షన్. ఇకముందు ఇలా జరగకుండా ఫోన్‌కి ఏదైనా తాళం వేయొచ్చా? నిన్నటి నుంచి వాడు అన్నం సరిగా తినట్లేదు.

ఎన్‌ఏడీ నాన్న:

అమ్మా, ఏదీ డిలీట్ చేయకండి. గేమ్ కూడా తీయకండి. మీ దగ్గరున్న సాక్ష్యం అదే. మొదటి మెసేజ్ నుంచి తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వాడి ప్రొఫైల్ తెరిస్తే ఐడీ నంబరు ఉంటుంది, అది కాగితం మీద రాసి పెట్టుకోండి. పేరు ఎప్పుడైనా మార్చుకోగలడు. ఇదంతా అయ్యాకే గేమ్‌లో రిపోర్ట్ కొట్టి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. కోపంతో వాడికి ఒక్క మాట కూడా రాయకండి, జాగ్రత్తపడిపోతాడు.

పెందుర్తి టీచర్:

ముందు మీ భయం గురించి చెప్తానమ్మా. నేను హైస్కూల్లో కంప్యూటర్ చెప్తాను, ఇలాంటివి రెండు చూశాను. లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ వర్తిస్తుంది. అందులో 24వ సెక్షన్ ప్రకారం పిల్లల మాట వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫాం వేసుకుని రాకూడదు. బాబు పేరు, స్కూలు పేరు పత్రికల్లో, టీవీల్లో రాకూడదని కూడా చట్టంలోనే ఉంది.

ఈ రోజే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల కోసమే ఉన్న నంబరు, రాత్రయినా పలుకుతారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల మీద నేరాలకి వేరే విభాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ మీరు పేరుతోనే ఇవ్వండి. అలా ఇస్తేనే మీ ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోగలరు. మీవాడి స్కూలు ఏదో వాడికి తెలిసిపోయింది కదా, అందుకే అంటున్నాను.

ఇక తాళం సంగతి. ఆ ఫోన్ మీది, గేమ్ తెరిచింది కూడా మీ ఖాతాతోనే అయ్యుంటుంది. అంటే గేమ్ లెక్కలో ఆడుతున్నది పెద్దావిడ. పిల్లల కోసం పెట్టిన అడ్డుకట్టలేవీ అక్కడ పనిచేయవు. ఇంట్లో పాత ఫోన్ ఏదైనా ఉంటే బాబు అసలు పుట్టిన తేదీతో వాడి పేరున గూగుల్ ఖాతా తెరిచి, ఫ్యామిలీ లింక్ పెట్టండి. పిల్లల ఫోన్‌ని తల్లిదండ్రులు అదుపులో పెట్టుకోవడానికి గూగుల్ ఇచ్చిన యాప్ అది. ప్లే స్టోర్ నుంచి ఏది దించుకోవాలన్నా మీ అనుమతి అడుగుతుంది, రాత్రి తొమ్మిదికి లాక్ పడేలా పెట్టుకోవచ్చు. మీ ఫోన్‌లోనే ఆడనివ్వాలంటే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి, వాడికి తెలియని పిన్ పెట్టి, వయసు పరిమితి ఎంచుకోండి. ఇంట్లో వైఫై ఉంటే రూటర్‌లో డీఎన్‌ఎస్ (సైట్ల చిరునామాలు వెతికిపెట్టే సర్వర్) 1.1.1.3 అని మార్చితే అశ్లీల సైట్లు చాలావరకు తెరుచుకోవు. మొబైల్ డేటా ఆన్ చేస్తే మాత్రం అది పనిచేయదు.

ఇవేవీ గేమ్ లోపలి చాట్‌ని మీకు చూపించవు. చాలామంది తల్లిదండ్రులు ఫ్యామిలీ లింక్ పెట్టేసి నిశ్చింతగా ఉండిపోతారు, నాకు బాధనిపించేది అక్కడే. గేమ్ సెట్టింగ్స్‌లోకి విడిగా వెళ్లి తెలియనివాళ్ల మెసేజ్‌లు, వాయిస్ చాట్ ఆపాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆపండి.

సీతమ్మధార తాతయ్య:

నా మాట కటువుగా అనిపించొచ్చు. ఆరో తరగతి పిల్లాడికి ఫోన్ ఎందుకమ్మా? ఇవ్వడం మానేయండి.

పెందుర్తి టీచర్:

తాతయ్యగారూ, మీరు ప్రేమతోనే అన్నారని తెలుసు. కానీ ఇప్పుడే లాక్కుంటే తప్పు చేసినందుకు శిక్ష పడిందనుకుంటాడు. ఇంకోసారి ఎవడైనా అడిగితే అమ్మకి చెప్పడు. షర్టు లేని ఫోటో అడిగినప్పుడు వాడు పంపలేదు. ముందు దానికి వాణ్ని మెచ్చుకోండమ్మా.

గోపాలపట్నం అమ్మ:

నాలుగు రోజులైంది, ఏమైందో రాద్దామని వచ్చాను. ఆ రోజే 1098కి చేశాను, పోర్టల్‌లో కూడా పేరుతోనే ఇచ్చాను. నిన్న ఒక మేడమ్ మామూలు చుడీదార్‌లో ఇంటికి వచ్చారు. మంచం నిండా కత్తిరించిన గుడ్డముక్కలున్నాయి, వాటిని పక్కకి జరిపి బాబు పక్కనే కూర్చున్నారు. ముందు ఏ గేమ్, ఏ లెవెల్ అని అడిగారు. పావుగంట తర్వాత వాడంతట వాడే అంతా చెప్పాడు. నేను స్క్రీన్‌షాట్లు, ఐడీ నంబరు రాసిన కాగితం ఇచ్చాను.

మీరు చెప్పినట్టే ఆ రాత్రి వాడితో, "రెండో ఫోటో పంపలేదు కదా నాన్నా, మంచి పని చేశావు" అన్నాను. చాలాసేపు ఏడ్చాడు. "డైమండ్లు కూడా తీసుకోలేదమ్మా" అన్నాడు. తర్వాత పెరుగన్నం తిన్నాడు.

మా వారి పాత ఫోన్‌లో వాడి ఖాతా తెరిచాం, పుట్టిన సంవత్సరం వాడే కొట్టాడు. క్లాస్ టీచర్‌కి విడిగా చెప్పాను. వారం రోజుల నుంచి కుట్టాల్సినవి పేరుకుపోయాయి, అయినా స్కూలు వదిలే టైముకి గేటు దగ్గర నేనే ఉంటున్నాను. టీచర్‌గారూ, ఒక్క సందేహం. గేమ్‌లో మెసేజ్‌లు ఆగాయి కానీ టీమ్‌లో చేరమని తెలియనివాళ్ల రిక్వెస్టులు ఇంకా వస్తున్నాయి. వాటిని ఎక్కడ ఆపాలి?