సూపర్‌మార్కెట్‌లో క్యాజువల్ షిఫ్టులు, పేస్లిప్ చూస్తే బుర్ర తిరుగుతోంది, కాస్త చెప్పండి

కొత్త_క్యాజువల్:
హాయ్ అండీ అందరికీ. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేస్తున్నా, వయసు 23, స్టూడెంట్ వీసా. ఈ మధ్యే ఒక సూపర్‌మార్కెట్‌లో చెకౌట్ మీద క్యాజువల్‌గా చేరాను, పెద్ద చైన్ కాదు, ఓనర్ సొంతంగా నడుపుకునే స్టోర్. చేరేటప్పుడు మేనేజర్ "గంటకి 33 డాలర్ల చిల్లర, వీకెండ్ ఇంకొంచెం ఎక్కువ" అన్నాడు, అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు, జాబ్ దొరికిందే చాలనుకున్నా. ఇప్పుడు పేస్లిప్ ముందేసుకుని కూర్చుంటే ఏది ఎందుకు వేశారో తెలియట్లేదు. పోయిన వారం శుక్రవారం సాయంత్రం 5 నుంచి 10, శనివారం 10 నుంచి 4.30 (మధ్యలో అరగంట బ్రేక్, దానికి డబ్బుల్లేవు), ఆదివారం 5 గంటలు చేశా. పేస్లిప్‌లో శుక్రవారం 5 గంటలు 33.19 చొప్పున, శనివారం 6 గంటలు 39.83, ఆదివారం 5 గంటలు కూడా 39.83 అని ఉంది. ఆదివారానికి వేరే రేటు ఉంటుందని మా క్లాస్‌మేట్ అంటోంది, నిజమేనా? లోడింగ్ అంటే ఏంటి, సూపర్ అంటే ఏంటి, అది నా చేతికి వస్తుందా రాదా? ఇంకోటి, క్లోజింగ్ రోజు టిల్‌లో (క్యాష్ డబ్బాలో) డబ్బులు లెక్కపెట్టి సీల్ వేసి ఇచ్చేసరికి ఇంకో 20 నిమిషాలు పడుతుంది కానీ ముందే క్లాక్ ఆఫ్ (షిఫ్ట్ అయిపోయినట్టు టైమ్ నొక్కడం) చెయ్యమంటారు. ఒక సోమవారం అయితే రమ్మని పిలిచి, జనం లేరని గంటన్నరకే ఇంటికి పంపేశారు, గంటన్నరకే డబ్బులేశారు. ఇవన్నీ ఇక్కడ మామూలేనా లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

నైట్‌ఫిల్_బాబాయ్:
ఎక్కువేం ఆలోచించట్లేదమ్మా, అడగాల్సినవే అడిగావు. ముందు ఒక్కటి తేల్చుకో, నీ స్టోర్‌కి సొంత ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్ ఉందా లేదా. పెద్ద చైన్లకి ఉంటుంది, వాళ్ల రేట్లు, బ్రేకులు, సాయంత్రం రూల్స్ అన్నీ అందులో ఉంటాయి, కాబట్టి అక్కడ పనిచేసే ఫ్రెండ్ చెప్పింది నీకు అక్షరాలా వర్తించదు. ఓనర్ నడిపే స్టోర్ అంటున్నావు కాబట్టి అగ్రిమెంట్ ఉండకపోవచ్చు, అప్పుడు జనరల్ రిటైల్ ఇండస్ట్రీ అవార్డ్ వర్తిస్తుంది. అవార్డ్ అంటే బహుమతి కాదు లే, ఆ రంగంలో ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని చట్టం పెట్టిన గీత.

లోడింగ్ సంగతి. పర్మనెంట్ వాళ్లకి జీతంతో యాన్యువల్ లీవ్ ఉంటుంది, సిక్ లీవ్ ఉంటుంది. క్యాజువల్‌కి అవి లేవు, జ్వరమొచ్చి రాకపోతే ఆ రోజు డబ్బు లేదు, వచ్చే వారం షిఫ్ట్ ఇస్తారన్న గ్యారంటీ కూడా లేదు. వాటికి బదులుగా బేస్ మీద 25 శాతం కలిపి ఇస్తారు. 2025 జూలై 1 నుంచి లెవెల్ 1 (చెకౌట్ లాంటి పనుల మొదటి మెట్టు) బేస్ గంటకి 26.55, దానికి 25 శాతం కలిపితే 33.19. అంటే మీ మేనేజర్ చెప్పిన 33 చిల్లర ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, అది కనీసం. 21 దాటితే పూర్తి రేటు, 21 లోపు వాళ్లకి జూనియర్ రేట్లు వేరే, నీకు 23 కాబట్టి ఆ గొడవ లేదు.

సోమవారం గంటన్నర కథ మాత్రం తప్పు. రిటైల్‌లో క్యాజువల్‌ని పిలిస్తే కనీసం 3 గంటల డబ్బు ఇవ్వాలి. స్కూలు పిల్లలకి కొన్ని షరతులతో గంటన్నర ఉంది, దాన్ని నీకు వాడేసినట్టున్నారు.

లెక్కల_అక్క:
నేను పేరోల్‌లోనే పనిచేస్తా (ఆ స్టోర్‌లో కాదు, కంగారు పడకండి), అందుకే లెక్క కట్టేదాకా మనసాగలేదు. క్యాజువల్ రేట్లు అవార్డ్ ప్రకారం ఇవి: మామూలు టైమ్ 125 శాతం, సోమ నుంచి శుక్ర సాయంత్రం 6 తర్వాత 150, శనివారం 150, ఆదివారం 175, పబ్లిక్ హాలిడే 250. ఈ శాతాల్లో లోడింగ్ ఆల్రెడీ కలిసే ఉంది, 175 మీద మళ్లీ 25 వెయ్యరు, చాలామంది అక్కడ ఎక్కువ ఊహించుకుని తర్వాత నిరాశపడతారు.

ఇప్పుడు చెల్లీ నీ వారం. శుక్రవారం 5 నుంచి 6 వరకు ఒక గంట 33.19, 6 నుంచి 10 వరకు నాలుగు గంటలు 39.83 చొప్పున 159.32, మొత్తం 192.51. వాళ్లు ఐదు గంటలూ 33.19 వేశారు, అంటే 165.95. అక్కడే 26.56 పోయింది. శనివారం 6 గంటలు 238.98, అది కరెక్టే. ఆదివారం గంటకి 46.46 రావాలి, ఐదు గంటలకి 232.30, వాళ్లు వేసింది 199.15, అక్కడ 33.15 పోయింది. రెండూ కలిపితే ఒక్క వారంలో 59.71 తక్కువ. మీ క్లాస్‌మేట్ చెప్పింది నిజం.

ఇది కావాలని చేసిందే అని నేను అనను, చిన్న స్టోర్లలో సాఫ్ట్‌వేర్‌లో "వీకెండ్" అని ఒకే రేటు పెట్టేసి వదిలేయడం, సాయంత్రం 6 తర్వాత మారాలన్న సెట్టింగ్ ఆన్ చెయ్యకపోవడం చాలా చూశా. కానీ పోయిన డబ్బు పోయిన డబ్బే, కారణం ఏదైనా కట్టాల్సిందే.

టిల్ లెక్కపెట్టడం పని. నీ సరదాకి లెక్కపెట్టట్లేదు కదా. శుక్రవారం 20 నిమిషాలకి 13.28, ఆదివారం కూడా నువ్వే క్లోజ్ చేస్తే 15.49. క్లాక్ ఆఫ్ చేశాక పని చెయ్యమనడం ఎక్కడైనా కనిపించే పాత అలవాటే, కానీ ఆ టైమ్‌కి డబ్బు రావాలి.

సూపర్ అంటే సూపర్‌యాన్యుయేషన్, రిటైర్‌మెంట్ ఫండ్. 2025 జూలై నుంచి 12 శాతం, నీ జీతంలోంచి కోసేది కాదు, పైన ఎంప్లాయర్ వేసేది. నీ వారం సరిగ్గా లెక్కేస్తే 663.79, దానికి సూపర్ 79.65. ఇప్పటిదాకా మూడు నెలలకోసారి వేసినా సరిపోయేది, 2026 జూలై 1 నుంచి పేడే తర్వాత 7 వర్కింగ్ డేస్‌లో ఫండ్‌కి చేరాలి. పేస్లిప్‌లో సూపర్ లైన్ కనిపించినంత మాత్రాన డబ్బు పడినట్టు కాదు, ఫండ్ యాప్‌లో లాగిన్ అయ్యి బ్యాలెన్స్ చూసుకో. వీసా అయిపోయి దేశం వదిలి వెళ్లిపోయాక తీసుకోవచ్చు, స్టూడెంట్ వాళ్లకి మామూలుగా 35 శాతం టాక్స్ పోతుంది, మిగిలింది నీదే.

టీఎఫ్ఎన్ (టాక్స్ ఫైల్ నంబర్) ఇచ్చావా మేనేజర్‌కి? అప్లై చేసి ఉంటే చేరిన రోజు నుంచి 28 రోజుల టైమ్ ఉంటుంది, ఆలోపు ఇవ్వకపోతే 47 శాతం పట్టేస్తారు, 663లో దాదాపు 312 అక్కడే ఎగిరిపోతుంది (తర్వాత రిటర్న్‌లో వెనక్కి వస్తుంది అనుకో, కానీ రెంట్ అప్పటిదాకా ఆగదు కదా). రెండో జాబ్ చేస్తే ట్యాక్స్ ఫ్రీ థ్రెషోల్డ్ (ఏడాదికి టాక్స్ పడని మొదటి మొత్తం) ఒక్క చోటే క్లెయిమ్ చెయ్యి.

క్యాష్_బెటర్:
ఇంత తలనొప్పి ఎందుకు, టాక్స్ లేదు సూపర్ లేదు, గంటకి 22 చేతిలో పెట్టే షాపులు బోలెడు ఉన్నాయి. వీసా అవర్స్ కూడా ఎవరూ లెక్కపెట్టరు.

నైట్‌ఫిల్_బాబాయ్:
అవర్స్ లెక్కపెట్టరు అనేది నీ భ్రమ బాబూ. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్‌లో ఫోర్ట్‌నైట్‌కి (రెండు వారాలకి) 48 గంటలే లిమిట్, చేతిలో క్యాష్ పెట్టినా పని పనే, ఆ గంటల్లో అది కూడా ఉంటుంది. ఇక 22 అంటావా, ఆదివారం ఇక్కడ 46.46 రావాల్సింది అక్కడ 22, సగం కంటే తక్కువ, పైన సూపర్ లేదు, చెయ్యి తెగితే వర్క్‌కవర్ (పనిలో దెబ్బలకి ఇచ్చే బీమా) అడగడానికి నువ్వు అక్కడ పనిచేసినట్టు కాగితం ముక్క ఉండదు. ఏడాదికి 18,200 దాకా ఎలాగూ టాక్స్ లేదు, ఆరు నెలల పైన కోర్సు చేసే స్టూడెంట్లలో చాలామందికి అది వర్తిస్తుంది. తప్పించుకుంటున్నది టాక్స్ కాదు, ఓనర్ ఖర్చు. క్యాష్‌లో ఇవ్వడం నేరం కాదు, పేస్లిప్ లేకుండా ఇవ్వడం తప్పు, డబ్బిచ్చిన ఒక వర్కింగ్ డే లోపు పేస్లిప్ రావాలి. ఏబీఎన్ (సొంత వ్యాపారం చేసేవాళ్ల నంబర్) తీసుకో, కాంట్రాక్టర్‌గా రాసుకుందాం అనే వాళ్లు ఇంకో రకం, టిల్ మీద నిలబడేవాడు కాంట్రాక్టర్ ఎలా అవుతాడో వాళ్లే చెప్పాలి.

డాండెనాంగ్_కుర్రాడు:
గంటల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఫోర్ట్‌నైట్‌కి 48 అంటే మా పే సైకిల్ ప్రకారం చూసుకోవాలా? నాకు మొదటి వారం 15, రెండో వారం 30, మూడో వారం 20 పడ్డాయి. మా పే ఫోర్ట్‌నైట్ వారం 1-2 కలిపి 45 కాబట్టి ఓకే కదా?

లెక్కల_అక్క:
ఓకే కాదు తమ్ముడూ. పే సైకిల్‌తో వీసాకి సంబంధం లేదు. సోమవారం మొదలయ్యే ఏ 14 రోజులు తీసుకున్నా 48 దాటకూడదు, అంటే ప్రతి సోమవారం నుంచీ కొత్త ఫోర్ట్‌నైట్ మొదలవుతుంది. నీ 1-2 వారాలు 45, బాగానే ఉంది. 2-3 వారాలు 30 ప్లస్ 20, 50 అయింది. ఇది కాలేజీ సెలవుల్లో కాకుండా సెమిస్టర్ నడుస్తున్నప్పుడు అయితే దాటినట్టే. కోర్సు అఫీషియల్ బ్రేక్‌లో లిమిట్ లేదు, కోర్సు మొదలవ్వకముందు అసలు పనే చెయ్యకూడదు. రెండు జాబులుంటే రెండూ కలిపే లెక్క. పాత పోస్టుల్లో 40 అని కనిపిస్తుంది, 2023 జూలై 1 నుంచి 48 అయింది. రోస్టర్ (షిఫ్టుల పట్టిక) రాగానే పక్క వారంతో కూడి చూసుకో, ఎక్కువైతే "ఈ షిఫ్ట్ చెయ్యలేను" అని ముందే చెప్పు, క్యాజువల్‌కి షిఫ్ట్ వద్దనే హక్కు ఉంది.

కొత్త_క్యాజువల్:
అక్కా థాంక్యూ సో మచ్, బాబాయ్ మీకు కూడా. టీఎఫ్ఎన్ ఇచ్చాను. కానీ ఇప్పుడు భయమేస్తోంది, అడిగితే రోస్టర్‌లోంచి తీసేస్తారేమో, క్యాజువల్‌ని కదా, తీసెయ్యడం ఎంతసేపు. వీసాకి ఏమైనా చేస్తారా? పైగా 5 గంటల షిఫ్ట్‌కి 10 నిమిషాలే బ్రేక్ ఇస్తున్నారు, అది కూడా అడగాలా?

నైట్‌ఫిల్_బాబాయ్:
బ్రేక్ విషయంలో వాళ్లు రూల్ ప్రకారమే ఉన్నారు. 4 నుంచి 5 గంటల దాకా పెయిడ్ పది నిమిషాలు ఒకటే, 5 దాటితేనే అరగంట మీల్ బ్రేక్. షిఫ్టులు సరిగ్గా 5 గంటలే ఎందుకు పడతాయో ఇప్పుడు అర్థమైందా. అది అడిగి పరువు పోగొట్టుకోకు, మిగతావి అడుగు.

భయం సంగతికొస్తే, నీ వీసా క్యాన్సిల్ చేసే అధికారం ఓనర్‌కి లేదు, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ అఫైర్స్‌కే ఉంది. జీతం గురించి అడిగినందుకు షిఫ్టులు కొయ్యడం చట్టం ఒప్పుకోదు, అయినా కోసేవాళ్లు ఉంటారు, అది దాచి చెప్పడం ఎందుకు. అందుకే అడిగే ముందే అన్నీ నీ దగ్గర పెట్టుకో: రోస్టర్ ఫోటోలు, పేస్లిప్‌లు, షిఫ్ట్ రమ్మన్న మెసేజ్‌లు, ఏ రోజు ఎన్నింటికి లోపలికెళ్లి ఎన్నింటికి బయటికొచ్చావో నోట్స్. తర్వాత నోటితో కాకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో అడుగు. దొంగతనం చేశారన్నట్టు కాకుండా, "శుక్రవారం 6 తర్వాత, ఆదివారం రేట్లు అవార్డ్‌తో సరిపోవట్లేదు, ఒకసారి చూస్తారా" అని, అక్క కట్టిన లెక్క కింద పెట్టు. చాలాసార్లు అక్కడితోనే తేలిపోతుంది.

లెక్కల_అక్క:
ముందు ఫెయిర్ వర్క్ (జీతాల రూల్స్ చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో పే కాలిక్యులేటర్ ఉంది, అందులో నీ షిఫ్టులు వేసి స్క్రీన్‌షాట్ తీసుకో, నా మాట కంటే దానికి విలువ ఎక్కువ. రేట్లు ప్రతి జూలైలో మారతాయి, అందుకే పాత స్క్రీన్‌షాట్ పనికిరాదు. మేనేజర్ పట్టించుకోకపోతే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ నంబర్ 13 13 94, ఇంగ్లీష్‌లో చెప్పడం కష్టంగా ఉంటే ప్రభుత్వ అనువాద సర్వీస్ 131 450కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. పేరు చెప్పకుండా రిపోర్ట్ చేసే దారి కూడా ఉంది. డాండెనాంగ్ తమ్ముడు కూడా విను, ఫెయిర్ వర్క్‌కీ హోమ్ అఫైర్స్‌కీ ఒప్పందం ఉంది, తక్కువ జీతం విషయం ముందుకొచ్చి చెప్పినవాళ్లు గంటలు దాటి ఉన్నా, ఇకమీద పాటిస్తామంటే, ఆ కారణంతో సాధారణంగా వీసా తియ్యరు. పాత బాకీ 6 సంవత్సరాల దాకా వెనక్కి అడగొచ్చు కాబట్టి ఇవాళే గొడవ పడిపోవాలనేం లేదు, సెమిస్టర్ ఎగ్జామ్స్ అయ్యాక అడిగినా డబ్బు ఎక్కడికీ పోదు. తెలిసి తెలిసి కావాలనే తక్కువ ఇస్తే 2025 జనవరి 1 నుంచి అది క్రిమినల్ నేరం కూడా, కానీ మొదటి మెసేజ్‌లోనే ఆ మాట ఎత్తకు.

కొత్త_క్యాజువల్:
అప్‌డేట్. మెయిల్ పెట్టాను, లెక్కతో సహా. మేనేజర్ ఓనర్‌కి ఫార్వర్డ్ చేశాడు, అకౌంటెంట్ చూసి ఆదివారం, శుక్రవారం తేడా వచ్చే పేలో వేస్తామన్నారు, సోమవారం 3 గంటలు కూడా ఒప్పుకున్నారు. టిల్ 20 నిమిషాల గురించి మాత్రం "చూద్దాం" అన్నారు. ఇప్పటికైతే సీల్ వేశాకే క్లాక్ ఆఫ్ చేస్తున్నా, ఎవరూ ఏమీ అనలేదు.

లెక్కల_అక్క:
సూపర్ కూడా ఆ తేడా మీద పడాలి, 59.71కి 7.17, మర్చిపోతారు, అడుగు. అవునూ, మీకు స్టోర్ లోగో ఉన్న టీషర్ట్ ఇచ్చారా, ఇంట్లో నువ్వే ఉతుక్కుంటున్నావా? అయితే షిఫ్ట్‌కి 1.25 లాండ్రీ అలవెన్స్ ఉంది, పేస్లిప్‌లో ఆ లైన్ లేదు.

కొత్త_క్యాజువల్:
ఇచ్చారు అక్కా, రెండు టీషర్టులు. ఇంకో మెయిల్ పెట్టాలా ఇప్పుడు 😅