అప్‌డేట్: సిగరెట్ మానడానికి హెల్ప్ అడిగాను కదా

సొంతంగా మానలేకపోతున్నా, ఎవర్ని కలవాలి, ఏం వాడాలి అని అడిగితే చాలామంది క్విట్‌లైన్‌కి (పొగ మానేవాళ్లకి ఫోన్‌లో సాయం చేసే హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యమన్నారు, కొంతమంది డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు. రెండూ చేశా.

క్విట్‌లైన్ అంటే క్లాస్ పీకుతారేమో అనుకున్నా గానీ అవతలావిడ నీతులేం చెప్పలేదు, ఏ టైంలో తాగుతారు, ఎవరితో ఉన్నప్పుడు ఎక్కువ అని అడిగి మానే డేట్ ఫిక్స్ చేయించింది, ఇప్పుడు వాళ్లే మళ్లీ ఫోన్ చేసి కనుక్కుంటున్నారు.

డాక్టర్ మాత్రం ముందు అడిగింది, పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ అని. అరగంటలోపే అయితే 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్, లేదంటే 2 చాలట. రోజంతా ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్, సిగరెట్ మీదికి మనసు మరీ లాగేసినప్పుడు గమ్, రెండూ కలిపి వాడమన్నారు. ఈ గమ్‌ని మామూలు చూయింగ్ గమ్‌లా కసకసా నమలకూడదండీ, ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, ఎందుకంటే నికోటిన్ నోటి లోపలి పొర నుంచే ఎక్కుతుంది, నమిలిన రసం ఊరికే మింగేస్తే వెక్కిళ్లు, కడుపులో మంట. కాఫీ తాగాక పావుగంట ఆగాలి. అసలు కాఫీయే తగ్గించమన్నారు, పొగ మానేస్తే కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుందట (నా నిద్ర ఎటు పోయిందో అప్పుడర్థమైంది).

వరెనిక్లిన్ (సిగరెట్ మానడానికి వాడే మాత్ర) గురించి అడిగిన అన్నకి: అది డాక్టర్ రాస్తేనే వాడాలి, మామూలుగా మానే డేట్‌కి వారం ముందే మొదలుపెడతారు, నాకైతే ప్రస్తుతానికి రాయలేదు.

ప్యాచ్ వేసినచోట దురదగా ఉంటోంది, రోజూ చోటు మార్చమంటే మారుస్తున్నా, ఇంకెవరికైనా ఇలా ఉంటే ఏం చేశారో చెప్పండి.